గుమ్మంలోకి వచ్చిన కారు

కారు ఇసుకలో కూరుకుపోయింది. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి తప్ప బండి జానెడు కూడా జరగడం లేదు.

"అయిపోయింది. వెనక్కి తిప్పు," అన్నాడు సంజీవరావు.

"ముందుకే పోనిది వెనక్కెలా తిరుగుద్ది నాన్నా?" అంటూ నీరజ ఇంజను ఆపి దిగింది.

సంజీవరావు మనసులోనే నవ్వుకున్నాడు. నొప్పులొచ్చిన రోజున గుమ్మంలోకి కారు రాని లంకకు పిల్లనివ్వనని రాత్రే తెగేసి చెప్పాడు. వస్తే ఇస్తావా అని నీరజ నిలదీసింది. వస్తే ఇస్తానన్నాడు. కాని కారు నీరజే నడపాలి, దారి ఎవర్నీ అడక్కూడదు, ఎవరూ తొయ్యకూడదు. తెల్లారేసరికి ఆమె తెనాలిలో కారు అద్దెకు తెచ్చింది. కొల్లూరు దాటి, కట్ట దిగి, ఎండిన కృష్ణలో అరటిగెలల ట్రాక్టర్లు తిరిగే ఇసుక బాట పట్టింది. ఆ బాటకు అవతల లంక. అందులో ఎక్కడో, నీరజ చేసుకుంటానంటున్న అభిషేక్ వాళ్ల ఇల్లు.

నీరజ చున్నీ నడుముకు బిగించి, చక్రం దగ్గర కూర్చుంది. బుస్సుమని గాలి పోయింది.

"అద్దె కారుకి పంచరు చేస్తున్నావేంటే!"

"కొంచెం గాలి తీస్తే టైరు పరుచుకుంటుంది. ఇసుకలో దిగబడదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫోన్లో చూశాలే."

ట్రాక్టర్ల మీంచి రాలిన ఎండు అరటాకులు ఏరి చక్రాల కింద దోపింది. అంతలో గెలల ట్రాక్టరు ఒకటి పక్కనే ఆగింది.

"తొయ్యమంటావా అమ్మాయ్?"

"వద్దు బాబాయ్. తొయ్యకూడదు."

అతను సంజీవరావు వంక చూసి, మీసాల్లో నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కారు ఒక్కసారి మూలిగింది. ఆకులు నలిగాయి. బండి ఊగుతూ గట్టెక్కింది.

లంకలో రెండు పక్కలా అరటి తోటలే. ఎటు చూసినా ఒకటే పచ్చదనం. సంజీవరావు ఫోన్లో మ్యాపు తీశాడు.

"ఇదిగో, ఇందులో మనం కృష్ణలో మునిగి ఉన్నాం. దారే లేదు. ఇప్పుడెటు పోతావో పో."

బాట మూడుగా చీలింది. నీరజ ఆగకుండా ఎడమకు తిప్పింది.

"ఎడమేనని ఎలా తెలుసు?"

"ట్రాక్టరు జాడలు చూడు."

సంజీవరావు చూశాడు. మూడు బాటల్లోనూ జాడలున్నాయి. పిల్లకు అదృష్టం కలిసొస్తోందని పళ్లు కొరుక్కున్నాడు.

కాసేపటికి కారు ఒక పెంకుటింటి గుమ్మం ముందు ఆగింది. అభిషేక్ తల్లి కుమారి చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"వందనాలండి అన్నయ్యగారూ. వందనాలమ్మా. మొదటిసారి వచ్చారు మా లంకకి. లోపలికి రండి."

"వందనాలండి," అంది నీరజ, తల వంచుకుని.

సంజీవరావు దిగి, కారును ఒకసారి, గుమ్మాన్ని ఒకసారి చూశాడు. మధ్య నాలుగు అడుగులు కూడా లేవు.

"మాటంటే మాటే చెల్లెమ్మా. కారొచ్చింది. పిల్లనిచ్చినట్టే."

కుమారి కళ్లొత్తుకుంది. అభిషేక్ మంచినీళ్ల గ్లాసుతో గబగబా గుమ్మంలోకి వచ్చాడు.

అప్పుడే దొడ్లోంచి మొరుగుడు వినిపించింది. కుమారి ముఖం పాలిపోయింది.

"ఒరేయ్ అభీ, దాన్ని కట్టెయ్యమన్నానా లేదా! అన్నయ్యగారూ, కదలకండి. కొత్త మనిషైతే చాలు, గుమ్మం ఎక్కనివ్వదు."

గేదె దూడంత నల్లకుక్క దూసుకొచ్చి సంజీవరావు పంచె అంచు పట్టుకుంది. ఆయన కొయ్యబారిపోయాడు. ఇంతలో దాని చూపు పక్కకు మళ్లింది. పంచె వదిలేసి, తోక విసురుకుంటూ పరుగున వెళ్లి, నీరజ కాళ్ల దగ్గర వెల్లకిలా పడి, ఎప్పట్లాగే గోకమని పొట్ట చూపించింది.