బొట్టు మైనం

పళ్ళకు కొత్తగా కట్టిన తీగ బుగ్గలోపల గీరతా ఉందని మనవరాలు మృణాళిని ఏడస్తా వచ్చింది.

"అవ్వా, నువ్వు బొట్టు కింద పూసుకునే మైనం రోంత ఇయ్యి. తీగ మీద అద్దితే గుచ్చదని డాక్టరు చెప్పినాడు."

గోటితో గిల్లి ఇచ్చినాను. భరిణెలో ఇంక అడుగే మిగిలింది. సౌకార్‌పేటకు పోయి తెచ్చేవాళ్ళు లేరు, అందరూ మా ఆయన దగ్గర ఆస్పత్రిలోనే ఉండారు. పొద్దుట్నించి నాకు కుడికన్ను అదరతా ఉంది. మైనం లేక కుంకం రాలిపోతే?

"ఇంతేనా, పిసినారి అవ్వా!"

"పోవే! తాతను ఇంటికి రానీ, భరిణె మొత్తం నీకే."

సాయంత్రం తాత ఇంటికొచ్చినాడు. ముఖం దాకా గుడ్డ కప్పి, నలుగురు పట్టి బండిలోంచి దించినారు.

అది అడక్కముందే భరిణె దాని చేతిలో పెట్టేసినాను.