తాత మొకానికి మూడు ఇంకులు

"ఆకుపచ్చగ కొడుతున్నది."

"ఏడ సార్? నలుపే గదా!" శ్రీధర్ కాగితాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తాడు.

"సక్కగ చూడు. మా తాత మొకం పాచి పట్టినట్టున్నది," అన్నాడు బలరాం.

ఖమ్మంలో శ్రీధర్‌ది కంప్యూటర్ల దుకాణం. ఏన్కూరులో లెక్కల పంతులుగా చేస్తున్న బలరాం ఆ వారంలో అక్కడికి రావడం అది మూడోసారి. పాపం, ఆ మనిషికి కాలు నిలవడం లేదు. కుర్చీ వేస్తే కూర్చోడు, టీ తెప్పిస్తే తాగడు. నిమిషానికోసారి చొక్కా జేబు తడుముకుంటాడు. ఆ జేబులో అగ్గిపెట్టెంత ఫోటో ఒకటి ఉంది.

అది తాత దేవ్లా పోయాక ఆయన రేకుపెట్టెలో దొరికింది. తండాలో ఎవరింట్లోనూ ఫోటో అన్నమాటే లేని రోజులవి. అప్పటికి బలరాం తండ్రి రెండేళ్ల పసివాడు, తల్లి అంతకుముందే పోయింది. ఆయన దానికి దండం పెట్టుకుంటూనే పెరిగాడు, దండం పెట్టుకుంటూనే పోయాడు. ఇప్పుడు బలరాం వంతు వచ్చింది.

"ఈ ప్రింటరు మూడు రంగులు కలిపి బూడిదరంగు తయారు జేస్తది సార్," శ్రీధర్ ఓపిగ్గా చెప్పాడు. "ఒకటి జర ఎక్కువైతే గిట్లనే అయితది."

"అయితే రంగులు బంద్ పెట్టు. ఉత్త నల్ల ఇంకుతోటి కొట్టు."

కొట్టాడు. ముఖం నిండా నల్లని చుక్కలు పడ్డాయి.

"తాతకు అమ్మవారు పోసినట్టయింది," అని శ్రీధర్ నవ్వబోయి, బలరాం చూపు చూసి ఆపుకున్నాడు. "పోనీ, స్టూడియోల ఇస్తే అయిపోవు గదా?"

"ఇచ్చిన. గీతలు తీసేస్తనని మొకమే తీసేసిండు. పెండ్లికొడుకు లెక్క పౌడరు కొట్టి ఇచ్చిండు."

"గింత జల్దీ ఏమున్నది సార్?"

"ఆదివారం మా సోనవ్వ వస్తున్నది."

సోనవ్వ, దేవ్లాకు స్వయానా చెల్లెలు. ఆమెను దమ్మపేట వైపు ఇచ్చారు. ఏదో చేను గట్టు దగ్గర మొదలైన పంచాయితీతో రెండిళ్లకూ నలభై ఏళ్లుగా మాటల్లేవు, రాకపోకల్లేవు. మొన్న పెనుబల్లిలో ఒక పెళ్లిలో బలరామే వెళ్లి కాళ్లు మొక్కాడు. ముసలామె వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది వానాకాలం దాకా ఉంటే గొప్పేనని దవాఖానాలో చెప్పారు.

"చూపు పోకముందే మా అన్న మొకం ఒక్కపారి సూపెట్టు బిడ్డా," అని అడిగింది. జేబులోని ఫోటో తీసి చూపించాడు. అంత చిన్నది ఆ కంటికి ఆనలేదు. పళ్లెమంత పెద్దదైతే తప్ప లాభం లేదు.

అంతా విన్న శ్రీధర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"హైదరాబాద్ నుంచి బూడిద ఇంకులు తెప్పిస్త సార్. ముదురుది, నడిమిది, లేతది. రంగుల డబ్బాలు తీసేసి ఈ మూడు పెడదాం. అసలు రంగే లేనప్పుడు ఆకుపచ్చ ఏడికెళ్లి వస్తది?"

"ఎండకు ఎలిసిపోదు గదా?"

"ఇది నీళ్ల రంగు కాదు, పొడితోటి చేసిన ఇంకు. మీ మనుమలు గూడ దండం పెట్టుకుంటరు."

శనివారం పొద్దున ఇంకులు దిగాయి. వాటిని నింపిన ప్రింటరును శ్రీధర్ దగ్గర అడిగి తీసుకుని, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బలరాం ఏన్కూరు బస్సెక్కాడు. ఇంటికొచ్చి మొదటిది మెరుపు కాగితం మీద తీశాడు. వెలుగు తగిలి కళ్లు చెదిరాయి. ఒంటికన్ను ముసలామెకు ఇదేం కనబడుతుందని పక్కన పడేసి, మెరుపు లేని కాగితం పెట్టాడు. ఒకసారి ముదురైంది, ఒకసారి లేతైంది. మంచం మీద తాత, బీరువా మీద తాత, బియ్యం డబ్బా మీద తాత.

"మీ తాతలు ఇల్లంత నిండిన్రు. ఇగ మనం బయట పండాలె," అంది భార్య సువర్ణ. "జర బువ్వ తినుర్రి."

"ఆగు, ఇది చూడు!"

ఎనిమిదో కాగితం మీద మనిషి లేచి వచ్చాడు. ఇన్నాళ్లూ మసకలో దాగిన కనుబొమ్మ మీది గాటు, మెలి తిరిగిన మీసం, ఎదుటివాణ్ణి గద్దించే చూపు, అన్నీ తేలాయి. భుజం మీద ఏదో బిళ్ల కూడా తళుక్కుమంది. వెండిదేమో, తాత దర్జా తాతది అనుకున్నాడు బలరాం. అద్దం ముందు నిలబడి ముఖం అటూ ఇటూ తిప్పుకున్నాడు.

"నా ముక్కు అచ్చం తాతదే గదా?"

"ముక్కేంది, ఆ మూతి ముడుసుడు గూడ తాతదే," అంది సువర్ణ.

ఆదివారం సోనవ్వ వచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. "ఏది బిడ్డా, మా అన్నేడి?" అంటూ వాకిట్లో వెలుతురు చూసుకుని కూర్చుంది. బలరాం రెండు చేతులతో ఫోటో అందించాడు. ఇది కూడా ఆనకపోతే ఇక ఆమెకు అన్న ముఖం ఈ జన్మకు లేదు.

ముసలామె కాగితాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుంది. నుదురు నుంచి గడ్డం దాకా మెల్లగా చూసింది. చూపు కనుబొమ్మ మీది గాటు దగ్గరికి తిరిగొచ్చి ఆగింది.

"గుర్తు పట్టినవా అవ్వా?"

"పట్టకేం బిడ్డా! సచ్చేదాక మరుస్తనా ఈ మొకాన్ని?"

బలరాం కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం రోజుల ఆరాటం ఒక్కసారిగా దిగిపోయి, అక్కడే గడప మీద కూలబడ్డాడు. సువర్ణ గబగబా అగరుబత్తి వెలిగించింది.

సోనవ్వ ఫోటోను బోర్లా పెట్టి, వీధి వైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"ఈ ఫారెస్టోడు కనబడితే ఉరకమని మా అన్న మాకు ఈ ఫోటో సూపెట్టేటోడు."