చెంబు ముట్టని మనిషి

ఊరి బావిలో ఎవడో పొడి కలిపాడన్న కబురు బారెడు పొద్దెక్కకముందే మునసబు చౌడప్ప అరుగు మీదికి వచ్చింది.

కబురు వెనకాలే మనిషి కూడా వచ్చాడు. పెడరెక్కలు విరిచి కట్టి పదిమంది ఈడ్చుకొచ్చారు.

నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన చొక్కా, మోకాళ్ళదాకా దుమ్ము, భుజాన గుడ్డసంచి. సంచిలో ముక్కు మండే వాసనతో తెల్లటి పొడి.

అది యుద్ధం జరిగిన ఏడు. వానల్లేక కళ్యాణదుర్గం పక్క పల్లెలన్నీ మాడిపోయిన ఏడు కూడా అదే. చౌడప్ప ఊరివాళ్ళు తాగే మంచినీళ్ళ బావి ఆ ఒక్కటే. శత్రువులు గొడుగులు కట్టుకుని ఆకాశంలోంచి దిగుతున్నారనీ, బావుల్లో విషం కలుపుతున్నారనీ ఎక్కడ చూసినా ఒకటే పుకారు. కొత్త మొహం కనిపిస్తే రాసి పంపమని మునసబులకు తాకీదులు వచ్చాయి. పశువులకు గడ్డి కూడా దొరకని ఆ ఊరి మీద శత్రువుకు ఏం మోజో ఒక్కరూ అడగలేదు.

"ఏం పొడప్పా అది?" అన్నాడు చౌడప్ప.

"కలరా మందు సామీ. పక్కూర్లో కలరా వచ్చిండాది."

"నీ పేరేంది? యా ఊరు? ఎవరు పంపినారు?"

ఆ మనిషి నీళ్ళు నమిలాడు.

చౌడప్పకు అక్కడే అనుమానం గట్టిపడింది. మందు వేసేవాళ్ళు బంట్రోతును వెంటేసుకుని, దండోరా కొట్టించి మరీ వస్తారు. వీడు ఒంటరిగా వచ్చాడు. చూసిన ఆడవాళ్ళు చెప్పినదాన్నిబట్టి బావి గట్టు కూడా ఎక్కలేదట. దూరంగా నిలబడి పొడిమూట బావిలోకి విసిరేసి, గబగబా వెళ్ళిపోబోయాడట.

చౌడప్ప భార్య లక్ష్మీనరసమ్మ తలుపు చాటునుంచి మొగుణ్ణి పిలిచింది. ఆ మొహం దొంగమొహంలా లేదని, ముందు కట్లు విప్పించమని అంది. చౌడప్ప విప్పించాడు. విప్పించి, ఆ బావినీళ్ళే ఇత్తడి చెంబుతో తెప్పించాడు.

"మందే అయితే తాగప్పా. తాగినావంటే నీ దోవన నువ్వు పో."

ఆ మనిషి చెంబు వంక చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను తాగగూడదు సామీ."

ఇంకేం కావాలి? మొదటి దెబ్బ ఎవరు వేశారో తెలియదు. చౌడప్ప అడ్డుపడకపోతే అక్కడే చంపేసేవాళ్ళు. ఒక ప్రాణం కాపాడానని ఆయన చాలా రోజులు మురిసిపోయాడు కూడా.

రిపోర్టులో ఒకటే ముక్క రాశాడు. తాను పొడి కలిపిన నీళ్ళు తాగడానికి సదరు మనిషి ఒప్పుకోలేదు.

అది చాలన్నాడు హెడ్డు కానిస్టేబులు. సాక్ష్యానికి ఎప్పుడు రావాలని చౌడప్ప అడిగితే నవ్వాడు.

"సాక్ష్యం లేదు, కోర్టు లేదు మునసబన్నా. యుద్ధం చట్టమిది. లోపలేస్తే ఏసినట్టే."

ఏ జైలుకు తీసుకుపోతున్నారో అడగాలని చౌడప్పకు తోచలేదు.

వారం తిరక్కుండానే, వచ్చే ఎన్నికల మీద కన్నేసిన ఒక పెద్దమనిషి జీపు వేసుకుని వచ్చి చౌడప్ప మెడలో దండ వేశాడు. శత్రువులు మనలోనే ఉన్నారని, వాళ్ళ తరఫున నోరెత్తేవాళ్ళూ శత్రువులేనని మైకులో చెప్పాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఊరవతల పేటనుంచి వచ్చి వెనకాల నిలబడ్డ నలుగురు మాత్రం తలలు దించుకుని వెళ్ళిపోయారు. ఎండకు తాళలేక పోయారనుకున్నాడు చౌడప్ప.

బావికి ముళ్ళకంప వేశారు. పశువులు దిగే కుంటలో అడుగున మిగిలిన నీళ్ళకు ఊరు ఎగబడింది.

కలరా రానే వచ్చింది. పన్నెండు రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. తొమ్మిదో మనిషి లక్ష్మీనరసమ్మ. ఆఖరుదాకా నీళ్ళు, నీళ్ళు అంది. చౌడప్ప ఆ ఇత్తడి చెంబుతోనే కుంటనీళ్ళు ఆమె గొంతులో పోశాడు.

చావుల పుస్తకం రాయడం మునసబు పని. ఇంట్లో చావయినా ఆ పని తప్పదు. ఊళ్ళోవి రాసేసి, పేటలో ఇంకెన్ని పేర్లు రాయాలో అనుకుంటూ కాళ్ళీడ్చుకుంటూ పోయాడు. తన చేలో కూలికొచ్చే అక్కమ్మ గుడిసె ముందు కనిపించింది.

"మీలో ఎంతమంది పోయినారు అక్కమ్మా?"

"ఒగరూ పోలేదు రెడ్డీ. మీ బావికాడికి వచ్చేముందు ఆయప్ప మా బావిలో మందేసినాడు గదా."

చౌడప్ప చావుల పుస్తకం మూసేశాడు.

"వాడు మీకు తెలుసా? తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఆ పొద్దు మా మొగోళ్ళు చెప్పాలనే వచ్చిరి. నోరెత్తినోళ్ళూ శత్రువులే అనిరి మైకులో."

ఆమె చెప్పిందంతా విన్నా ఒక్కటి మాత్రం చౌడప్పకు మింగుడుపడలేదు. తన రిపోర్టంతా నిలబడింది ఆ ఒక్కదాని మీదే.

"మందే అయితే, చెంబు చేతికిస్తే ఎందుకు తాగలేదు?"

అక్కమ్మ తల ఎత్తలేదు. నెమ్మదిగా, తప్పు తనదే అయినట్టు చెప్పింది.

"మా చిన్నమ్మ కొడుకు యేసన్న రెడ్డీ ఆయప్ప, మిషనాస్పత్రిలో కాంపౌండరు, ఎంత సదువుకున్నా మాలోడే గదా, మీ చెంబు ఎట్ల ముట్టుకుంటాడు?"