పేరు లేని బటన్లు

“బటన్” అంది కంప్యూటర్, జీవిత చెవిలో.

ట్యాబ్ నొక్కింది.

“బటన్.”

మళ్ళీ నొక్కింది.

“బటన్.”

మూడింటిలో ఒకటి రిపోర్టును సేవ్ చేస్తుంది. ఒకటి ప్రింట్ తీస్తుంది. ఒకటి చెరిపేస్తుంది. ఏది ఏదో తెలియదు.

జీవితకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదీ, టైపు కొట్టిందీ హెడ్‌ఫోన్‌లో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో, వేలూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు టైపు చేస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌తో ఏ ఇబ్బందీ రాలేదు. కొత్తది వచ్చింది. అందులో బటన్ల మీద బొమ్మలున్నాయి. పేర్లు లేవు. పేరు లేనిదాన్ని స్క్రీన్ రీడర్ ఏమని చదువుతుంది?

ఊపిరి బిగబట్టి ఒకటి నొక్కింది.

రిపోర్టు మాయమైంది.

“ఆ రిపోర్టు కోసరం ఆ యమ్మ పళ్ళికొండ నుంచి వచ్చిందమ్మా, వట్టి కడుపుతో” అన్నాడు మేనేజర్ భూపతి. “ఇంకా కూర్చోమని యా మొగం పెట్టుకోని చెప్పేది?”

“బటన్లు పలకడం లేదు సార్.”

“ల్యాబ్ పెట్టిన ముదలాళి వింటాడా ఆ మాట? నెలాఖరు దాకా చూస్తా. ఆమీద నా చేతుల్లో లేదు.”

ఈ ఉద్యోగం పోతే మళ్ళీ గుడియాత్తం ఇంట్లో గోడకానుకుని కూర్చోవడమే. పొద్దస్తమానం నాన్న మగ్గం చప్పుడు వింటూ.

మర్నాడు భూపతి ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

“సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చినాడమ్మా. నీ కంప్యూటర్‌కే ఇంకో కీబోర్డు తగిలించుకోని, నీ పక్కన కూర్చోని సరిచేస్తాడంట.”

“వణక్కం సార్” అంది జీవిత.

జవాబు లేదు. కుర్చీ జరిగిన చప్పుడు. బరువైన ఊపిరి.

“తెలుగువాళ్ళా సార్ మీరు?”

కీబోర్డు టకటకలాడింది. ఆ వెంటనే బల్ల మీద రెండు దెబ్బలు.

జీవిత మర్యాదగా హెడ్‌ఫోన్ తీసి అటు తిరిగింది.

“చెప్పండి సార్.”

కాసేపు చూసి హెడ్‌ఫోన్ మళ్ళీ పెట్టుకుంది.

మరికాసేపటికి మళ్ళీ టకటక. మళ్ళీ బల్ల మీద దెబ్బలు. మళ్ళీ హెడ్‌ఫోన్ తీసింది.

“ఏంది సార్?”

హెడ్‌ఫోన్‌ను ఆమె చేతికి తగిలేలా నెట్టాడాయన. నోరు మూసుకుని పని చూసుకో అన్నట్టు.

జీవిత మొహం వేడెక్కింది. హెడ్‌ఫోన్‌ను అక్కడే వదిలేసి టీకి వెళ్ళిపోయింది.

రెండో రోజూ అంతే. గదిలో ఇద్దరే ఉన్న సమయం చూసి ఆమె అడిగేసింది.

“కండ్లు లేనిదాంతో మాట్లాడితే మీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా సార్?”

ఆయన ఊపిరి ఒక్కక్షణం ఆగింది. కీబోర్డు మెల్లగా, చాలాసేపు టకటకలాడింది. బల్ల మీద రెండు దెబ్బలు.

అప్పటికే హెడ్‌ఫోన్ పక్కన పడేసి, తడుముకుంటూ భూపతి గదికి బయల్దేరింది జీవిత.

“ఆయన పక్కన నేను కూర్చోలేను సార్.”

భూపతి నిట్టూర్చాడు. “తెలస్తాందమ్మా. నాకే కొంచెం కష్టంగా ఉండాది. కంపెనీకి చెప్తాలే.”

ఎందుకని ఆయన అడగలేదు. ఎందుకో ఆమె చెప్పలేదు.

మర్నాటి నుంచి పక్క కుర్చీ ఖాళీ.

కానీ ఆ వారంలోనే ఒక వింత జరిగింది.

“సేవ్ బటన్” అంది కంప్యూటర్.

జీవిత వేళ్ళు ఆగిపోయాయి.

తర్వాతి రోజు “ప్రింట్ బటన్.” ఆ తర్వాత తేదీ గడి, పేరు గడి, డాక్టర్ గడి. రోజుకొకటి నోరు తెరిచింది. చివరికి ఒక ఉదయం అంది: “డిలీట్ బటన్. నిదానం తల్లీ, నొక్కితే రిపోర్టు పోతుంది.”

జీవిత పగలబడి నవ్వింది. మిషన్‌కు ఇంత ప్రేమ ఎవరు నేర్పారో!

నెలాఖరుకు ఒక్క రిపోర్టు తప్పు పోలేదు. “ఇంక నిన్ను కదిలించేవాడు లేడు పోమ్మా” అన్నాడు భూపతి. ఆ మాట ఫోన్‌లో చెప్తే గుడియాత్తంలో మగ్గం ఆగిపోయింది. నాన్న ఏడుస్తున్నాడు.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి శృతి అనే అమ్మాయి వచ్చింది. జీవిత ఆమె చేయి పట్టుకుంది.

“బటన్లకు పేర్లు పెట్టింది నువ్వేనా పాపా? నీ చేతులకు దండం పెట్టాల.”

“నేను కాదక్కా. శివప్రకాశం సార్.”

“ఎవరాయన?”

“మీ పక్కన కూర్చోని పని చేసినారే, ఆయనే. ఇక్కడికి రావద్దన్నాక ఇంటికాడ్నించే చేసి పంపినారు. మంచంలో పడినా ఈ పని ఇంకొకరికి ఇయ్యలేదు.”

జీవిత పట్టు సడలింది.

“ఆయనా? ఆయనకు ఫోన్ చేసియ్యమ్మా. నేను తప్పుగా అనేసినాను. మాట్లాడాల.”

శృతి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“సార్ పోయిన వారం చనిపోయినారక్కా.”



“పక్కనే ఉన్నాడు గదా పాపా.” జీవిత పక్క కుర్చీని తడిమింది. “నాతో ఒక్క మాట, ఒకే ఒక్క మాట మాట్లాడుంటే ఏం పోయుండేది?”

“మీకు తెలీదా అక్కా? మెడకు ఆ గుడ్డ చూస్తేనే...” శృతి నాలుక కరుచుకుంది.

తర్వాత చాలా మెల్లగా చెప్పింది.

“కేన్సరని గొంతు తీసేసినప్పట్నించి, సార్ ఎవరితో ఏం మాట్లాడాలన్నా టైపు కొట్టే మాట్లాడేవాళ్ళక్కా.”

జీవిత చేయి బల్ల మీది హెడ్‌ఫోన్‌ను వెతుక్కుంది.