దగ్గే గడియారం

"మీ టీవీకి ఏ రోగమూ లేదమ్మా. ఆ చప్పుడు సారు మాట్లాడే చోటి నుంచే వస్తోంది, వినండి," అంటూ మెకానిక్ సౌండు పెంచాడు.

తెర మీద మా ఆయన ఫోటో. వరదలో చిక్కిన ఊరి నుంచి ఫోన్లో లైవ్ చెబుతున్నాడు. "చుట్టూ నీళ్లే. ఇల్లన్నది మిగల్లేదు..."

ఆయన గొంతు వెనక ఏదో ఖళ్లుమని దగ్గింది. ఆ వెంటనే టంగు టంగుమని గంటలు.

"వరదలో గోడగడియారమా!" అని నవ్వాడు మెకానిక్.

"సిగ్నల్ గోలయ్యా అది," అంటూ అత్తయ్య టీవీ కట్టేయబోయింది. నేను రిమోట్ లాక్కున్నాను.

గంట కొట్టే ముందు ముసలాడిలా దగ్గే గడియారం నాకు తెలిసి ఒక్కటే. మొన్నటిదాకా మా గోడకే ఉండేది. రిపేరుకిచ్చానని అత్తయ్యే చెప్పింది.

"గడియారం ఎవరికిచ్చారత్తయ్యా?"

మెకానిక్ సంచి సర్దుకుని మెల్లగా జారుకున్నాడు.

"వాడే అడిగాడే. ఆ పిల్ల ఇంట్లో గోడలు మరీ బోసిగా ఉన్నాయి మరి," అంది అత్తయ్య తల దించుకుని.

"ఆ గోడలు మీరెప్పుడు చూశారు?"

అత్తయ్య మళ్లీ రిమోట్ కోసం చెయ్యి చాచింది. టీవీలో మా ఆయన గొంతు పెంచాడు. "ఇక్కడి ఆడవాళ్ల గోడు పట్టించుకునే నాథుడే లేడు!"