ఫినాయిల్ పిన్ని యోగాభ్యాసం

“శ్వాస గట్టిగా బయటికి వదలండి,” అంది టీచరమ్మాయి.

గదిలో ఉన్న ముక్కులన్నీ ఒక్కసారిగా బుస్సుమన్నాయి. పక్క చాప మీదున్న బ్యాంకు మేనేజరు ముక్కులోంచి ఓ తుంపర ఎగిరొచ్చి పిన్ని మోచేతి మీద వాలింది. ఆవిడ శ్వాస వదిలే మాట అటుంచి, ఉన్న శ్వాస బిగబట్టుకుని, సంచిలోంచి తడిగుడ్డ తీసి, మోచెయ్యి ఎర్రబడేదాకా తుడుచుకుంది.

అక్క పిల్లలు ఆవిడకు ఫినాయిల్ పిన్ని అని ఏనాడో పేరు పెట్టారు. ఆ పేరంటే కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడాను. అలాంటి మనిషి, ఊళ్ళోవాళ్ళంతా చెమటోడ్చే ఈ అద్దె గదిలో కాళ్ళు బారజాపుకుని కూర్చోవడానికి కారణం నడుం నొప్పి కాదు, కొడుకు.

“వారం రోజులు మామూలు మనిషిలా క్లాసుకి వెళ్ళిరామ్మా. నువ్వెవరో తనకి చెప్పను. చూసొచ్చి వద్దన్నావో, ఇక ఆ అమ్మాయి మాట ఎత్తను,” అన్నాడు వాడు.

ఆ అమ్మాయి ఈ టీచరే. వాడు అన్నమాట మీద నిలబడే రకం. వద్దంటే నోరెత్తడు. అలాగని ఇంకెవర్నీ చేసుకోడు కూడా. అది తలుచుకుంటే పిన్నికి భయమేసేది. ఈ గదిలోకి అడుగుపెట్టగానే ఆ భయాన్ని కాస్తా అసహ్యం మింగేసేది.

ఏం గది అది! తలుపు తీస్తే గుప్పుమని పాదాల కంపు. స్విచ్చుల చుట్టూ వేళ్ళ జిడ్డు. గోడకి ఎవరిదో తల ఆనిన నూనె మరక. శవాసనంలో మేనేజరు నోరు తెరిచి గురకపెడుతుంటే చొంగ చెంప మీదుగా క్లాసు వాళ్ళ చాప మీదికి కారేది. ఆయన లేచి ఆ చాపని అలాగే చుట్టి మూలన పడేసి పోయేవాడు. మర్నాడు దాన్ని పరుచుకున్న మనిషి వంక చూడలేక పిన్ని గోడవైపు తిరిగేది.

ఇదంతా ఒకెత్తు, వెనక గది ఒకెత్తు. జలుబులూ సైనసులూ ఉన్నవాళ్ళని క్లాసు అయ్యాక టీచరు అక్కడికి తీసుకెళ్ళేది. ఒక ముక్కులో ఉప్పునీళ్ళు పోస్తే రెండో ముక్కులోంచి కారాలట. ఆ చీదుళ్ళు, ఆ కాండ్రింపులు తలుపేసినా వినబడేవి. ఇలాంటి పనులు చేయించే పిల్ల రేపు నా వంటింట్లో గిన్నెలు ముట్టుకుంటుందా అనుకుని, రెండో రోజుకే పిన్ని మనసులో వద్దనేసుకుంది.

ఆ నిర్ణయం మీద నీళ్ళు చల్లింది టీచరు అమ్మమ్మ. మనవరాలికి సాయంగా ఉందామని ఈమధ్యే వచ్చిందావిడ. చూపు కాస్త మందం. అందరూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరిగెడుతుంటే, పిన్నిని ఆపి, నిమ్మరసం కలిపిన వేణ్ణీళ్ళు తాగమంది. వద్దనబోయిన పిన్ని ఆగిపోయింది. ఆవిడ చేతిలో ముక్కున్న చిన్న రాగి చెంబు తళతళలాడుతోంది. పిన్ని ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసులోకి, అంచుకి ఎక్కడా తగలకుండా, సన్నటి ధార పైనుంచి పడింది. హమ్మయ్య, ఈ కొంపలో శుభ్రం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారనుకుని తాగింది. మర్నాడూ తాగింది. ఆ తర్వాత ఆ గ్లాసుడు నీళ్ళ కోసమే తుంపర్లనీ చొంగనీ ఓర్చుకుంది.

వారం ముగిసింది. ఆరోజు వెనక గదికి ఎవరూ రాలేదు. టీచరు చాపలు సర్దుకుంటోంది.

“ఇందులో ఉప్పు భలే సమంగా వేస్తారండీ,” అంది పిన్ని, గ్లాసు ఖాళీ చేసి.

“ఉప్పా? నేనెప్పుడూ వెయ్యలేదే.”

“కిటుకు ఎవరు చెబుతారులెండి. ఈ చెంబు ఎక్కడ కొన్నారు?”

“ముక్కు చెంబా? మా మనవరాలిదమ్మా. దాని దగ్గర బుట్టెడున్నాయి.”

“ఇంత తళతళా ఎవరు తోముతారు?”

“అదే. ఆదివారాలు కూర్చుని తోముకుంటుంది. నన్ను ముట్టుకోనివ్వదు. అది క్లాసులో ఉండగా చూసి ఒకటి తెచ్చుకుంటాను,” అని నవ్వింది ముసలావిడ.

పిన్ని మనసు వెన్నలా కరిగింది. తన చెంబుల మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని పిల్ల! తనూ అంతే. ఇలాంటి కోడలు వెతికినా దొరకదు. అక్కడికక్కడే కొడుక్కి ఫోన్ చేసింది.

“ఒరే, నాకు నచ్చింది. ఆ అమ్మాయికి చెప్పెయ్యి.”

“నిజంగానామ్మా? మళ్ళీ మాట మార్చవుగా?”

“నేను మాట మార్చడం ఎప్పుడైనా చూశావట్రా?”

ఫోన్ పెట్టేసి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. “అత్తయ్యగారూ, మీ మనవరాల్ని చేసుకుంటానన్నవాడు నా కొడుకేనండీ. మనం చుట్టాలమైపోయాం. ఆ చేత్తో ఇంకో గ్లాసు పొయ్యండి.”

ముసలావిడ తబ్బిబ్బైపోతూ పోసింది. లోపల టీచరు ఫోన్ మోగింది. కాసేపటికి ఆ అమ్మాయి కళ్ళనీళ్ళతో, నవ్వుతో, పరుగున బయటికొచ్చింది. పిన్ని కాబోయే కోడలి వంక ప్రేమగా చూస్తూ, గ్లాసెత్తి గటగటా తాగేసింది.

అమ్మాయి చూపు అమ్మమ్మ చేతి మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

“అమ్మమ్మా, అది ముక్కున్న చెంబు కాదు, ముక్కులో పెట్టుకునే చెంబు.”