రెండో గ్లాసు

“ఏమండీ, ఒక్క మాట...”

“ఇప్పుడు కాదే! కారు ఆగింది, కనబడటం లేదూ?”

భార్యను కసిరి, చొక్కా సర్దుకుంటూ షెడ్డు గుమ్మంలోకి పరిగెత్తాడు ఫిల్టరయ్య. ఆ పేరు వీధిలోవాళ్ళు పెట్టింది, వెక్కిరింతకే. హాయిగా సాగే కుండల పని మానేసి, మురికినీళ్ళను మంచినీళ్ళు చేస్తానని ఈ డబ్బాలు పట్టుకు కూర్చున్నాడు మరి. జనానికేమో ఓడ దిగిన ఫిల్టరే కావాలి. పక్కవీధివాడి చేతిపని ఎవరి కంటికి ఆనుతుంది? ఆ కుండలే చేసుకుందామండీ అని భార్య కూడా రోజూ సణుగుతూనే ఉంది.

వచ్చినావిడ ఇలాంటి పనివాళ్ళను నిలబెట్టే సంస్థలో ఆఫీసరు. ఆవిడ సరేనంటే షెడ్డు నిలుస్తుంది. కాదంటే సాయంత్రానికి తాళంచెవి యజమాని చేతిలో పెట్టాలి. ఆ తర్వాత బతుకు ఎలాగో అతనికే తెలియదు.

“పైనున్న ఇసుక బురదను ఆపుతుందమ్మా. లోపల మట్టి గొట్టం ఉంటుంది, క్రిములను పట్టేది అదే. ఈసారి బట్టీలో అన్నీ బీటలిచ్చి ఒక్కటే దక్కింది. ఆ ఒక్కటీ చాలు, మీరే చూడండి.”

వీధి చివరి కాలవ నీళ్ళు తెచ్చి డబ్బాలో పోశాడు. మొన్న సగం వీధిని వాంతులూ విరేచనాలతో ఆసుపత్రిపాలు చేసిన నీళ్ళే అవి. కింద కుళాయిలోంచి తళతళలాడుతూ దిగాయి.

“చూడ్డానికి బాగానే ఉన్నాయి. తాగి చూస్తాను,” అంటూ ఆఫీసరు గ్లాసు నోటిదాకా తెచ్చింది.

భార్య చటుక్కున ఆ గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది.

“దాహమేసిందండీ,” అంది మూతి తుడుచుకుంటూ.

ఫిల్టరయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇబ్బందిగా నవ్వి, రెండో గ్లాసు పట్టి, ఈసారి తనే తాగబోయాడు. భార్య అదీ లాక్కుంది. చుక్క మిగల్చకుండా తాగింది.

ఆఫీసరు పకపకా నవ్వింది. “ఎన్నో చోట్లకు వెళ్ళానండీ. యంత్రం చూపిస్తారు గానీ ఇంట్లోవాళ్ళు చుక్క ముట్టరు. మీ ఆవిడైతే నాకు కూడా మిగల్చలేదు! ఇంకేం చూడాలి? పని కానివ్వండి, మా సాయం ఉంటుంది.”

కారు మలుపు తిరిగింది. సంతోషంతో అతనికి కాళ్ళు నిలవలేదు. అయినా లోపలికొచ్చి భార్యమీద నోరు చేసుకున్నాడు.

“పనయింది కాబట్టి సరిపోయింది! గుమ్మంలోకొచ్చిన మనిషి చేతిలోది లాక్కుంటావా? నీళ్ళు ఎరగనట్టు అంత కరువేంటే నీకు?”

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది.

డబ్బా వెనక దాచిన పాతగుడ్డ తీసి అతని ముందు విప్పింది; పొద్దున్న కడుగుతుంటే చెయ్యిజారి పడి, రెండు ముక్కలైన మట్టి గొట్టం అందులో ఉంది.